నాలుగుసార్లు పోయిన తాళం

బసలదిన్నె సర్పంచు లక్ష్మక్క. పంచాయతీ ఆఫీసు గోడ మీద నీలం రంగుతో, చదువొచ్చిన ప్రతివాడికీ కనబడేట్టు ఆ పేరు రాసి ఉంది. ఊళ్ళో మాత్రం సర్పంచు అంటే ఆమె మొగుడు వీరభద్ర. లక్ష్మక్కను ‘సర్పంచు పెండ్లాం’ అంటారు. నాలుగేళ్ళుగా అదే పిలుపు. ఇందులో ఏదో తిరకాసు ఉందని ఒక్కరికీ తోచలేదు. తోచింది నరసన్న కూతురు భువనకు. ఆదోనిలో బి.ఎ. ఆఖరి ఏడాది చదువుతున్న ఆ పిల్ల, తోచినదాన్ని ఊరికే పోనివ్వకుండా పదకొండు పేజీలు రాసి, పైన ‘సంతకం ఎవరిది?’ అని పేరు పెట్టి, కడపలో జరిగే వ్యాసాల పోటీకి పంపింది.

ఆ పోటీని అనసూయమ్మ అనే పాతకాలపు టీచరు పేరు మీద ఏటా పెడతారు. డిగ్రీ చదివేవాళ్ళకు మాత్రమే. విషయం ఎప్పుడూ ఒకటే: ఆడవాళ్ళు, రాజకీయాలు. మొదటి బహుమతి వచ్చినవాళ్ళకు రెండేళ్ళ పీజీ చదువు, హాస్టలు ఖర్చు అంతా వాళ్ళే భరిస్తారు.

బుధవారం సాయంత్రం కాలేజీ నుంచి వాసవి మేడం ఫోను చేసింది. పొలిటికల్ సైన్సు చెప్పే శ్రీవాసవి మేడమే భువనతో ఆ వ్యాసం రాయించింది.

“ముగ్గుర్ని ఏరారు భువనా. అందులో నువ్వున్నావు. శనివారం కడపకు పోవాలి. పది నిమిషాలు చదవాలి, తరవాత వాళ్ళు ప్రశ్నలు అడుగుతారు. ఇంకోటి, అంగీకార పత్రం ఒకటి పంపించాను చూడు. నువ్వు ఎవరి గురించి రాశావో వాళ్ళకు వ్యాసం చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి. అది లేకపోతే లోపలికే రానివ్వరు.”

భువన ఫోను పెట్టేసి వాకిట్లోకి వచ్చింది. నరసన్న టార్పాలిన్ పట్ట పరుచుకుని, చిరిగిన చోట గోనెసూదితో కుట్టుకుంటున్నాడు. సోమవారం తెల్లారి సుగ్గికి బయలుదేరాలి. వానను నమ్ముకున్న ఊళ్ళు కాబట్టి ఏటా మూడు నెలలు ఇంటికి తాళమేసి గుంటూరు పక్క మిరప కోతలకు పోవాల్సిందే. ఈసారి భువనను కూడా తీసుకుపోవాలని ఆయన ఉద్దేశం. భార్య శివలీలకు మోకాలి నొప్పి. వంగి కోసే పని మునుపటిలా చేయలేదు.

“నాయనా, ముగ్గుర్లో నేనొకదాన్నంట.”

నరసన్న సూది ఆపాడు. మొహం విప్పారింది. వెంటనే సర్దుకున్నాడు.

“మంచిదే గదమ్మా. ప్రైజు వస్తే చదువుకో, నేనేమన్నా వద్దంటినా? రాకుంటే సోమారం బండెక్కల్ల. పరీక్షలప్పుడు వచ్చి రాసి పోవచ్చు.”

పరీక్షలకు వచ్చి రాసి పోవచ్చు అని చెప్పి బండెక్కించిన పిల్లలు ఈ ఊళ్ళో ఆరుగురున్నారు. ఆరుగురిలో ఒక్కతీ మళ్ళీ పరీక్ష హాలు మొహం చూడలేదు. ఆ సంగతి నరసన్నకూ తెలుసు, భువనకూ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

గురువారం పొద్దున్నే పత్రం ప్రింటు తీయించుకుని భువన సర్పంచు ఇంటికి పోయింది. వీరభద్ర అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఫోను చూసుకుంటున్నాడు. ఊరి వరసలో ఆమెకు మామ. మనిషి చెడ్డవాడు కాదు. పలకరిస్తే నవ్వుతాడు, చావుకు పిలవకపోయినా వస్తాడు. తానే సర్పంచునన్న నమ్మకం ఒక్కటే ఆయనకున్న రోగం.

“రా పాపా రా. ప్రైజంట గదా! ఆదోని దాకా మోగిపోతాండాది మన ఊరి పేరు.”

“ఇంకా రాలేదు మామా. శనివారం తేలుతాది.”

“వస్తాదిలే. రాయను నువ్వుండావు, చెప్పను నేనుండాను. రాకుండా యాడికి పోతాది?”

ఆ మాట నిజమే. డిసెంబరులో ఇదే అరుగు మీద రెండు గంటలు కూర్చుని ఆయన చెప్పిందంతా రాసుకుంది. సర్పంచు ఆడమనిషైనా పనులన్నీ తానే ఎలా చక్కబెడతాడో ఆయన దాచుకోకుండా, మురిసిపోతూ చెప్పాడు. ఇంత తేరగా దొరికిందే అని భువన లోలోపల ఎగిరి గంతేసింది.

“సంతకం ఒకటి కావల్ల మామా,” అని పత్రాన్ని రెండు చేతులా అందించింది.

వీరభద్ర కళ్ళజోడు పెట్టుకోలేదు. జేబులోంచి పెన్ను తీసి, “యాడ చేయల్ల?” అన్నాడు. భువన వేలు పెట్టి చూపింది. ఆయన ఒక్క ఊపులో ‘లక్ష్మక్క’ అని రాసి, చివరి ‘క్క’ కింద తోకను అందంగా తిప్పి, కిటికీలో ఉన్న రబ్బరు ముద్ర అందుకున్నాడు. ఇంకు ఆరిపోయినట్టుంది. దాని మీద “హా” అని ఒకసారి ఊది, గట్టిగా అదిమాడు.

అదే సమయానికి లక్ష్మక్క తల మీద సద్దిగంప పెట్టుకుని ఇంట్లోంచి చేనికి పోతూ, “ఏం పాపా, బాగుండావా?” అంది. “బాగున్నా అత్తా,” అంది భువన. లక్ష్మక్క మెట్లు దిగి వెళ్ళిపోయింది.

భువన పత్రాన్ని మడతపడకుండా పట్టుకుని సంతోషంగా ఇంటికి వచ్చింది. పెట్టెలోంచి ఫైలు తీసింది. వ్యాసం పైన, పత్రం కింద పెట్టబోయింది. పెట్టబోతూ పైనున్న పేరు చదివింది. సంతకం ఎవరిది?

మూడో పేజీ తిప్పింది. ‘సర్పంచు చేయాల్సిన సంతకాన్ని భర్తే చేసేస్తాడు. కాగితం తెచ్చినవాళ్ళకు కూడా అది తప్పనిపించదు. నేరుగా ఆయన చేతికే ఇస్తారు.’ ఇది రాసిన చేయి ఆమెదే. గంట కిందట రెండు చేతులా కాగితం అందించిన చేతులూ ఆమెవే. మొదట నవ్వొచ్చింది. తరవాత ఛీ అనిపించింది.

శివలీల పొయ్యి దగ్గరనుంచి చూసి, “సంతకం అయింది గదమ్మా, ఇంకేమి ఏడుపు?” అంది.

“ఆయమ్మ చేయలేదు మా. మామ చేసినాడు.”

“ఎప్పుడూ ఆయప్పే గదా చేసేది!”

కడపలో ఎవరికీ తెలియదు. ముద్ర కూడా ఉంది. ఇంకా నయం, వినిపించి ఉంటే ఒప్పుకునేవారో లేదో. ఈ మాటలన్నీ భువన తనకు తాను చెప్పుకుంది. గురువారమంతా చెప్పుకుంటూనే ఉంది. ఒక్కటీ లోపలికి దిగలేదు. శుక్రవారం పొద్దున కాలేజీ మానేసి, వ్యాసం, పత్రం సంచిలో పెట్టుకుని లక్ష్మక్క చేనికి నడిచింది.

అది ఆఖరి తీత పత్తి. చెట్లు ఎండి మోళ్ళయ్యాయి. అక్కడక్కడ కాయలు విచ్చి ఉన్నాయి. లక్ష్మక్క నడుముకు పాత చీర ఒడిలా కట్టుకుని ఒక్కతే సాలు వెంట పోతోంది. ఎడమ చేత్తో కొమ్మ వంచుతుంది, కుడిచేతి మూడు వేళ్ళతో పత్తి లాగుతుంది, చేయి ఒడిలోకి పోయేలోపల కళ్ళు తరవాతి కాయ మీద ఉంటాయి. భువన కూడా చున్నీని నడుముకు బిగించి పక్క సాలు పట్టుకుంది. ఎండిన కాయ పెంకులు గోళ్ళ సందుల్లో గుచ్చుకున్నాయి.

“కాలేజి లేదా పాపా?”

“ఉండాది. నీతో పనుండి వచ్చినా అత్తా.”

“నాతోనా?” లక్ష్మక్క చేయి ఒక్క క్షణం ఆగింది. “మీ మామ ఇంట్లోనే ఉండె గదా.”

“మామతో కాదు. నీతోనే.”

లక్ష్మక్క సాలు చివరిదాకా పోయి ఒడి విప్పి పత్తి కుప్ప పోసింది. వేప చెట్టు నీడలో కూర్చుని సద్ది మూట విప్పి, జొన్నరొట్టె మీద చెనిక్కాయల పొడి వేసి ఒకటి భువన చేతిలో పెట్టింది. “తిను. తిని చెప్పు.”

భువన తిని చేయి కడుక్కుని, ఫైలు తీసి, వ్యాసం మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. లక్ష్మక్క వింటూనే కుప్పలోని పత్తి ముందుకు లాక్కుని, అంటుకున్న ఎండుటాకు తునకలు ఏరుతోంది.

కాలేజీలో చదివినప్పుడు వాసవి మేడం మెచ్చుకున్న వాక్యాలు ఇక్కడ గొంతుకు అడ్డం పడ్డాయి. ‘ఆమె ఒక రబ్బరు ముద్ర మాత్రమే’ అన్న చోట భువన గొంతు తగ్గించింది. “గట్టిగా చదువు పాపా, ఇనపడల్య,” అంది లక్ష్మక్క. భువన మళ్ళీ చదివింది. వీరభద్ర మాటలు వచ్చాయి. ‘మా ఆడదానికి శానా మతిమరుపు. పంచాయతీ తాళం దాని చేతికిస్తే నాలుగేండ్లలో నాలుగుసార్లు పారేసె. ఇంగ అది ఊరినేం ఏలుతాది?’ వ్యాసం మొత్తంలో అందరికీ నచ్చిన వాక్యం అదే. రిజర్వేషను ఇచ్చినంత మాత్రాన ఆడవాళ్ళకు శక్తి రాదనడానికి భువన దాన్నే సాక్ష్యంగా పెట్టింది.

లక్ష్మక్క పకపకా నవ్వింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

“బాగ రాసినావు పాపా. అచ్చం ఆయప్ప మాట్లాడినట్టే ఉండాది. అంతా ఆయప్ప మాటే గదా.”

భువన కాగితాలు ఒళ్ళో పెట్టుకుంది.

“ఆ పొద్దు మా ఇంట్లో ఎంతసేపు కూచ్చుంటివి?”

“రెండు గంటలత్తా.”

“నేను రెండుసార్లు టీ ఇస్తి. నన్నేమడిగితివో గుర్తుండాదా?”

గుర్తుంది. గుర్తు రాకపోతే బాగుండుననిపించింది. రెండోసారి గ్లాసు అందుకుంటూ, రాసుకుంటున్న పుస్తకంలోంచి తలెత్తకుండా, ‘చక్కెర కొంచెం తక్కువెయ్యత్తా’ అంది. ఆ ఊరి మహిళా సర్పంచును భువన అడిగింది ఆ ఒక్కటే.

“తప్పయింది అత్తా,” అంది. చున్నీ అంచుతో కళ్ళు ఒత్తుకుంది.

“ఏడవద్దు. ఏడిస్తే నేను చెప్పేది ఇనపడదు.” లక్ష్మక్క ఇంకో పిడికెడు పత్తి ఒళ్ళోకి లాక్కుంది. “నాలుగుసార్లు పారేసె అని రాసినావు గదా. ఎప్పుడెప్పుడని ఆయప్పను అడిగితివా?”

“లేదు.”

“కింద ఆయప్ప చేసిన పనులని రాసినావు గదా. అవి చదువు.”

భువన ఆరో పేజీ తీసింది. “కింది వీధికి తాగునీళ్ళ పైపు.”

లక్ష్మక్క చిటికెన వేలు మడిచింది. “అప్పుడు ఎనిమిది దినాలు.”

“బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపులు.”

“పదకొండు దినాలు.”

“అంగన్వాడీకి కొళాయి.”

“అది తొందరగా అయిపాయ. మూడే.”

“శ్మశానం దారికి లైట్లు.”

“ఇరవై దినాలు పాపా. ఆయప్ప తిట్టని తిట్టు లేదు.” బొటనవేలు ఒక్కటే మిగిలిన చేతిని చూసుకుంది. “తిడితే తిట్టనీ అనుకుంటి. తిట్టు కడుపులోకి పోతాదా? నీళ్ళు పోతాయి గాని.”

“అత్తా, ఆ తాళం...”

తాళం అంటే తలుపు తాళం కాదు. పంచాయతీ డబ్బు లెక్కలన్నీ కంప్యూటరులోకి పోయాక చేత్తో చేసే సంతకానికి విలువ తగ్గింది. సర్పంచు పేరు మీద వేలంత పొడవు కీ ఒకటి ఇస్తారు. దాన్ని కంప్యూటరుకు గుచ్చితేనే బిల్లు కదులుతుంది. అందరూ దాన్ని తాళం అనే అంటారు.

“లేవి సారు మొదటి దినమే తెచ్చి నా చేతిలో పెట్టె,” అంది లక్ష్మక్క. లేవి పంచాయతీ కార్యదర్శి. “మీ మామ చూసి, ఇంట్లో పెట్టుమే, జాగ్రత్త, అనె. ఇంట్లో వస్తువు దాచిపెట్టేది ఆడదాని పని గదా. ఆయప్పకెందుకు ఆ చాకిరీ? పెట్టినా. ఫస్టు ఏడాది ఆఫీసుకు రంగు, పెద్ద గేటు అని పట్టుపట్టె. కింది వీధికి నీళ్ళు లేవయ్యా, పైపు వేయించు అంటి. నీకేం తెలుసు పోవే అనె. మర్నాడు తాళం కావల్ల అనె. దేవులాడితి. యాడ పెట్టినానో గుర్తు రాల్య.”

“యాడుండె?”

“జొన్నల గుమ్మిలో.” మామూలుగా చెప్పింది. “తాళం లేనన్నాళ్ళూ ఏ బిల్లూ పోదు. ఆ లోపల కింది వీధి ఆడోళ్ళు వచ్చి ఖాళీ బిందెలు మా వాకిట్లో పెడతారు. వాళ్ళకు పెట్టమని ఎవరు చెప్తారో నన్నడగొద్దు. ఆయప్పకు తలనొప్పి లేస్తాది. సరేలే, పైపు రాయి లేవీ, అంటాడు. మర్నాడు నేను జొన్నలు చెరుగుతాంటే తాళం దొరుకుతాది.”

“లేవి సారుకు తెలుసా?”

“ఆ సారు ఏమీ అడగడు. దేవుని బిడ్డ.”

భువన లేచి నిలబడింది. కూర్చోలేకపోయింది. “అత్తా, ఇది రాస్తా! ఇయ్యాలే కూచ్చుని అంతా మార్చి రాస్తా. ఇది చదివితే ఫస్టు నాదే. సుగ్గి లేదు, ఏమీ లేదు. రెండేండ్లు చదువుకోవచ్చు.”

“రాయి. అది నీ చేతిలో పని.” లక్ష్మక్క తలెత్తకుండానే అడిగింది. “కడపకు పేపరోళ్ళు వస్తారా?”

“వస్తారు.”

“మీ మామ పేపరు చదువుతాడా?”

వీరభద్ర రోజూ టీ అంగట్లో పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పైకి చదివి అందరికీ వినిపిస్తాడు.

“కింది వీధికి పైపు పడె గాని ట్యాంకు ఇంకా కాలేదు పాపా,” అంది లక్ష్మక్క. “ఆయప్ప ఈసారి ఆర్చి కట్టిస్తానంటాండాడు. ఊరి మొగదాల, ఆయప్ప పేరుతో.”

గాలికి పత్తి కుప్ప మీది తునకలు ఎగిరాయి. భువన మళ్ళీ కూర్చుంది. సంచిలోంచి పత్రం తీసి, ఏమీ దాచకుండా, నిన్న జరిగింది చెప్పింది. లక్ష్మక్క పత్రాన్ని వెలుతురుకు పట్టి సంతకం చూసింది.

“నా తోక నాకంటే బాగ తిప్పుతాడు,” అంది. పత్రం తిరిగి ఇచ్చింది. “నువ్వు చదివింది ఇన్నా. అయితే అది నేను కాదు, నేను ఒప్పుకోను. నేను చెప్పింది రాయమని కూడా చెప్పను. ఇంగ నీ ఇష్టం.”

ఒడి బిగించుకుని సాల్లోకి నడిచింది. భువన మధ్యాహ్నం దాకా ఆమె పక్క సాల్లోనే పత్తి తీసింది. సాయంత్రం ఇంటికి వచ్చి ఆ పాత వ్యాసాన్నే, వీరభద్ర సంతకమున్న ఆ పత్రాన్నే మళ్ళీ ఫైల్లో పెట్టింది.

శనివారం తెల్లవారకముందే ఆదోనిలో రైలెక్కారు. వాసవి మేడం ఇంటి నుంచి పులిహోర కట్టుకొచ్చింది. ఆదోనిలో బట్టల అంగడి నడిపే ఇల్లు వాళ్ళది. ఆ ఇంట్లో మొదట ఉద్యోగానికి పోయిన ఆడపిల్ల తానే అని ఆవిడ క్లాసులో గర్వంగా చెప్పేది. దారిపొడుగునా భువనకు ధైర్యం చెబుతూనే ఉంది. మతిమరుపు వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగు, నవ్వుతారు, నవ్వనివ్వు, ఆ తరవాత మెల్లగా విషయంలోకి రా. భువన తలూపుతూ కూర్చుంది.

కడపలో ఒక కల్యాణ మండపం పై అంతస్తులో సభ. వంద మంది దాకా ఉన్నారు. ముందు వరసలో కెమెరాలతో ఇద్దరు పేపరువాళ్ళు. వేదిక మీద ముగ్గురు న్యాయనిర్ణేతలు. మధ్యలో ఉన్నావిడ రిటైరైన ప్రొఫెసరు, తెల్ల జుట్టు, మెడలో వేలాడే కళ్ళజోడు. మొదట నంద్యాల వైపు అమ్మాయి చదివింది. తరవాత ప్రొద్దుటూరు నుంచి వచ్చిన కళ్యాణ్ అనే కుర్రాడు శాసనసభలో ఆడవాళ్ళు ఎంతసేపు మాట్లాడతారో, ఎవరు అడ్డుపడతారో లెక్కతీసి చదివాడు. తడుముకోకుండా చదివాడు.

భువనకు పిలుపు వచ్చింది. మొదటి పేజీ సాఫీగా సాగింది. రెండో పేజీలో వీరభద్ర మాటలు వచ్చాయి. ‘మా ఆడదానికి శానా మతిమరుపు.’ అంతే, సభ మొత్తం ఘొల్లుమంది. పేపరువాళ్ళు కూడా నవ్వారు. వెనక వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. మేడం చెప్పినట్టే భువన ఆగింది. ఆగి వింటూ ఉంటే ఆ నవ్వు ఎవరి మీదో తెలిసింది. వీరభద్ర మీద కాదు. చేతి వేళ్ళు మడుస్తూ దినాలు లెక్కపెట్టిన మనిషి మీద. దాన్ని ఇక్కడిదాకా మోసుకొచ్చి నవ్వించింది తానే. తన మీద తనకే అసహ్యం వేసింది.

కాగితాలు బల్ల మీద పెట్టేసింది.

“ఈ మాట నేను భర్తను అడిగి రాసుకున్నాను,” అంది. “ఆయనతో రెండు గంటలు మాట్లాడాను. సర్పంచును ఒక్కటే అడిగాను. టీలో చక్కెర తక్కువ వేయమని.”

ఈసారి నవ్వలేదెవరూ.

“ఈ పత్రం మీద సంతకం కూడా ఆమెది కాదు. నేనే ఆయన చేతికి ఇచ్చి చేయించుకున్నాను. నా వ్యాసంలో ఏది తప్పని రాశానో, అదే చేశాను.”

వేదిక మీది ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ప్రొఫెసరు కళ్ళజోడు పెట్టుకుంది. “ఆ తరవాతైనా ఆమెతో మాట్లాడావా అమ్మా?”

“నిన్న మాట్లాడాను మేడం.”

“ఏం చెప్పింది?”

“చెప్పింది మేడం. బయట చెప్పడానికి ఒప్పుకోలేదు.”

“భయపడుతోందా?”

“లేదు.”

“మరి?”

జవాబు మొత్తం నాలుక మీదే ఉంది. నాలుగు వాక్యాలు చాలు. పైపు, తలుపులు, కొళాయి, లైట్లు. చెబితే ఈ హాలు లేచి నిలబడుతుంది. రెండేళ్ళ చదువు ఇక్కడే, ఈ బల్ల మీదే ఉంది. భువన ముందు వరసలో పెన్నులు పట్టుకున్న ఇద్దరినీ చూసింది. కింది వీధిలో ట్యాంకు లేని దిమ్మె గుర్తొచ్చింది.

“ఆమె మతిమరుపు మనిషి కాదు మేడం. అంతవరకే చెప్పగలను,” అని కాగితాలు తీసుకుని దిగిపోయింది.

మొదటి బహుమతి కళ్యాణ్‌కు వచ్చింది. అతను నిజంగానే బాగా రాశాడు. చెల్లే పత్రం లేదు కాబట్టి భువన పేరు జాబితాలో లేదు.

రైలు తాడిపత్రి దాటాక వాసవి మేడం కోపమంతా ఒక్కసారి కక్కేసింది. “ముందురోజు నాతో ఒక్క మాట చెప్పి ఉంటే కొత్త పత్రమైనా సంపాదించేవాళ్ళం కదా! అసలు ఆమె ఏం చెప్పిందో నాకైనా చెప్పవా?”

“చెప్పను మేడం.”

మేడం కిటికీ వైపు తిరిగింది. కాసేపటికి పులిహోర డబ్బా మూత తీసి, సగం భువన ముందు పెట్టింది.

ఆదివారం సాయంత్రం భువన వీధి కొళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడింది. సుగ్గికి పోయేముందు ఇంట్లో పాత్రలన్నీ కడిగి బోర్లించాలి. లక్ష్మక్క కూడా బిందెతో వచ్చింది.

“ప్రైజు వచ్చిందా పాపా?”

“రాల్య అత్తా.”

“తాళం సంగతి?”

“చెప్పలేదు.”

“మీ మేడంకు?”

“ఎవరికీ చెప్పలేదు.”

లక్ష్మక్క బిందె నిండేదాకా నీళ్ళనే చూస్తూ నిలబడింది. నిండాక చుట్టకుదురు సర్దుకుని తలకెత్తుకుని వెళ్ళిపోయింది. అయ్యో పాపం అనలేదు. ఏదో ఒక మాట అంటుందని ఆశపడినట్టు భువనకు అప్పుడు తెలిసింది.

సోమవారం పొద్దు పొడవకముందే బండి వచ్చింది. నాలుగు కుటుంబాలు. బియ్యం మూటలు, గిన్నెలు, టార్పాలిన్ పట్టలు, కోడిగంప ఒకటి. నరసన్న అన్నిటినీ బండి వెనక పేర్చి, పైన భువన సంచి పెట్టి, తాడు బిగించి ముడి వేశాడు. కూతురి మొహం చూడటం లేదు. వీరభద్ర కూడా వచ్చాడు. సుగ్గికి పోయేవాళ్ళను సాగనంపడం ఆయనకు అలవాటు. “పోయి రాండప్పా, ఓట్ల కాలానికి వచ్చేయాల,” అని అందరి భుజాలూ తడుతున్నాడు.

భువన చక్రం మీద కాలు పెట్టి ఎక్కబోయింది.

“ఆగు పాపా.”

లక్ష్మక్క వస్తోంది. కొత్త చీర ఏమీ లేదు, చేతిలో కాగితం ఏమీ లేదు. పత్తి చేనికి పోయే పాత చీరే. నేరుగా బండి దగ్గరికి వచ్చి నరసన్న ముందు నిలబడింది.

“నర్సన్నా, నీ బిడ్డను దించు. పంచాయతీలో పనుండాది.”

“ఏం పనక్కా?” నరసన్న బిత్తరపోయాడు.

“కాగితాలు చదివిపెట్టను ఒక మనిషి కావల్ల నాకు. నా మతిమరుపు ఊరికంతా తెలిసిందే గదా. ఏది యాడ పెడతానో నాకే తెల్దు. బాగ చదివిన పిల్ల, పక్కనుంటే గుర్తు చేస్తాది.”

వీరభద్ర తొడ చరిచాడు. “అదీ మాట! నాలుగేండ్లుగా తాళం దేవులాడలేక సచ్చినా. ఈ పిల్లన్నా చూసుకుంటాది.”

“రెండు చేతులు తక్కువైతే నాకెట్లక్కా?” నరసన్న నసిగాడు. “శివలీల మోకాలు చూస్తివి గదా.”

“పొద్దున్నే నా చేన్లో పనికి రానీ. కూలి ఎవరికిచ్చినట్టే ఇస్తా. తొమ్మిది బస్సుకు కాలేజికి పోతాది. సాయంత్రం నా పని చూస్తాది. మీరు వచ్చేదాకా మా ఇంట్లోనే తిని పడుకుంటాది. పరీక్షలు కానీ. పీజీ సంగతి ఆపైన చూసుకుందాం.”

నరసన్న ఎటూ తేల్చుకోలేక, అలవాటు చొప్పున వీరభద్ర వైపు తిరిగాడు. “ఏం బావా, ఇది సర్పంచు మాటేనా?”

వీరభద్ర నోరు తెరిచాడు.

“ఆ,” అంది లక్ష్మక్క. “సర్పంచే చెప్తాంది.”

బండిలో ఉన్నవాళ్ళు గట్టిగా నవ్వారు. మంచి పరిహాసం అనుకున్నారు. వీరభద్ర కూడా నవ్వాడు, కాకపోతే అందరికంటే కొంచెం ఆలస్యంగా. లక్ష్మక్క నవ్వలేదు. నరసన్న ఆమె మొహం చూసి, నవ్వబోయినవాడు ఆపుకున్నాడు. వంగి ముడి విప్పాడు. సంచి తీసి కూతురి చేతికిచ్చి, “ఒళ్ళు జాగ్రత్తమ్మా. ఆయమ్మ చెప్పినట్టు ఇను,” అన్నాడు. శివలీల బండిలోంచి చేయి చాచి భువన తల నిమిరింది.

బండి పోయింది. వీరభద్ర టీ అంగడి వైపు నడిచాడు. దుమ్ము సద్దుమణిగేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. లక్ష్మక్క రవిక లోపలినుంచి గుడ్డలో చుట్టిన వేలంత వస్తువు తీసి భువన అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

“ఆర్చి బిల్లు ఈ వారం పెడతాడంట. ట్యాంకు రాసేదాకా ఇది దొరకగూడదు. జొన్నల గుమ్మి పాతదైపాయ.”

భువన పిడికిలి బిగించింది. ఒక్కటి మాత్రం ఈసారి మర్చిపోదల్చుకోలేదు. ముందు ఆమెనే అడగాలి.

“యాడ పెట్టమంటావత్తా?”

లక్ష్మక్క అప్పటికే చేని దారి పట్టింది. వెనక్కి తిరక్కుండానే అంది.

“నన్నెందుకు అడుగుతావు పాపా? నాకు మతిమరుపు గదా.”